తోక లేని మాట

ఈస్టరుకి ఇంకా ఇరవై ఏడు రోజులు

మా ఇంట్లో నేను కాక నలుగురున్నారు. నా గురించి నాలుగు అభిప్రాయాలున్నాయి. నాలుగూ తప్పే.

మొదటి తెప్ప మీద నాలుగేళ్లు కాలేజీలో చదివి వచ్చేసరికి నాకు విశ్వాసం పోయిందని నాన్న అనుకుంటున్నాడు. అమ్మ అనుకునే దశ ఎప్పుడో దాటిపోయింది. రోజూ పొద్దున్నే నా పేరు పెట్టి, నేను పళ్లు తోముకునే చోటికి వినపడేంత గట్టిగా, నా మారుమనసు కోసం ప్రార్థన చేస్తుంది. అన్నయ్య షద్రకు లెక్కలో నేను పైకి ప్రశ్నలు వేస్తూ లోపల నాన్నని మించిన ఛాందసురాలిని. మామ్మ రాహేలమ్మకి ఈ గొడవ పట్టదు. పెళ్లీడు పిల్ల చిరాగ్గా ఉంటే దానికి కారణం ఒకటే ఉంటుందని ఆమె నమ్మకం.

నా పేరు యెమీమా. ఇంట్లో ‘యెమీ’ అంటారు. పిలిస్తే ‘ఏమీ?’ అని పలకడం చిన్నప్పుడే అలవాటైంది. ఊరికే ప్రశ్నలడిగే పిల్ల అన్న పేరు అలా వచ్చింది.

ఈ చిట్టా ఎందుకు రాస్తున్నానంటే, సముద్రం లోతు కొలిచే సర్వే పడవలో చిట్టా రాసే మనిషి చోటు ఒకటి ఖాళీ అయింది. నమూనా చేత్తో రాసి చూపించమని కెప్టెన్ నూర్జహాన్ గారు కబురు పెట్టారు. ఏం చూశావో, ఏం విన్నావో, ఏమనుకున్నావో కలగాపులగం కాకుండా రాయాలన్నారు. ఆ పడవ రెండేళ్లపాటు తూర్పుకి పోతుంది. ఇరవై మూడేళ్లొచ్చాయి, మేముండే ఏడో తెప్ప నుంచి మొదటి తెప్పకి తప్ప ప్రయాణమంటూ ఎరగను. ఆ చోటు నాక్కావాలి.

చూసింది: పొద్దున పోటు నాలుగు అడుగులు. మా వైపు తాళ్లు వదులు చేశాను. తెప్ప కింద పదకొండు డ్రమ్ములకి పట్టిన ఆల్చిప్పలు గీకాం. విన్నది: పదహారు గీకామని అన్నయ్య అందరికీ చెబుతున్నాడు.

ఇరవై ఆరు రోజులు

నాన్న ఏలీయా మా తెప్పకి నీళ్ల పరీక్ష చేసే మనిషి, సంఘ పెద్ద కూడా. రోజూ ఆరింటికి చావడి మైకులో “నీళ్లు తాగొచ్చు” అంటాడు. అప్పుడు మూడు వందల ఇళ్లలో బిందెలు కదులుతాయి. ఆ మాటకి తోక ఉండదు. నాన్న పరీక్ష చేసి, చూసి చెప్పిన మాట కాబట్టి గుమాస్తా దాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తుంది.

గుమాస్తా అంటే మైకుకి తగిలించిన బూడిదరంగు పెట్టె. చావడిలో, సంతలో ఏ మైకులో ఏ మాటన్నా దాని గుండా రావాల్సిందే. మనిషి తను చూడని సంగతి చెబితే చివర ఒక్క క్షణం ఆగి, తన సన్నటి గొంతుతో ‘ట’ అని కలుపుతుంది. అనుకున్నది చెబితే ‘నా మటుకు’ అంటుంది. “ఈ పండుగప్ప తాజాది” అని మైకులో అరిచిన సుబ్బాయమ్మకి, పట్టినవాడు ఆమె కొడుకు కాబట్టి, ‘ట’ పడింది. “రుచికి దీన్ని మించింది లేదు” అంటే ‘నా మటుకు’ పడింది. చేప మాత్రం అమ్ముడైపోయింది.

తోకలు సరిగా పడుతున్నాయో లేదో చూస్తూ, పెట్టెల తాళాలు దగ్గర ఉంచుకునే ఉద్యోగం నాది. రోజుకి పది మంది వచ్చి పోట్లాడతారు. నవ్వుకుంటాను కానీ, ఈ తోకలు ఎందుకొచ్చాయో మా తెప్పలో అందరికీ తెలుసు. పెద్ద ముంపు ఏడాది, మూడో గట్టు నిలిచిందని ఎవరో అన్న మాట పట్టుకుని నాలుగు వందల మంది అటు పరిగెత్తారు. గట్టు అప్పటికే తెగిపోయింది. అన్నవాడు దాన్ని చూడలేదు, ఎవరో అంటే విన్నాడు. నిలిచిందట అని ఉంటే కొందరైనా ఆగి ఉండేవాళ్లు.

ఇరవై ఒక్క రోజులు

వంద మంది దాటి కూడే ప్రతి చోటా గుమాస్తా ఉండాలని కొత్త ఆజ్ఞ. మా సంఘం నూట ముప్పై. శనివారం నేనే వెళ్లి చర్చి మైకుకి పెట్టె బిగించి వచ్చాను.

ఇవాళ గిద్యోను అయ్యగారు ప్రసంగానికి నిలబడి, దేవుడు మంచివాడు అని మొదలుపెట్టారు. నా మటుకు, అంది గుమాస్తా. అయ్యగారు ఒకసారి పెట్టె వైపు చూసి, సర్దుకుని, క్రీస్తు మరణమును గెలిచి లేచియున్నాడు అన్నారు. ట, అంది గుమాస్తా. పిల్లల వరస మొత్తం అప్పటినుంచి ప్రసంగం వినడం మానేసి దాంతో పాటు ‘ట’ అనడం మొదలుపెట్టారు. అయ్యగారు పెట్టెకి సందివ్వకుండా వాక్యం మీద వాక్యం గబగబా చెప్పి చూశారు. అది ఓపిగ్గా ఆగి, ఆయన ఊపిరి తీసుకున్న చోట బాకీ ఉన్న ‘ట’లన్నీ వరసగా అప్పజెప్పింది.

పాటలకి తోక పడదని ఎవరో అంటే అయ్యగారు చివరి ప్రార్థన రాగం కట్టి పాడారు. బయటికొచ్చాక నాన్న ఆయనతో నెమ్మదిగా అన్నాడు: “పాటలో అయితే ఏదైనా అనొచ్చండీ. మనది పాట కాదు, వార్త.”

నాకు ఆ మాట నచ్చింది. నచ్చిందని చెప్పేలోపు నాన్న నా వైపు తిరిగి, సంతోషమేనా, అన్నాడు. పెట్టె బిగించింది నేనే కదా.

పందొమ్మిది రోజులు

అయ్యగారు సాక్షుల ఫారం నింపి తెచ్చారు. ఇద్దరు చూసినవాళ్లు సంతకం పెడితే ‘ట’ తీసేయొచ్చన్నది రూలు. సాక్షులు: మగ్దలేనే మరియ, పేతురు. గుమాస్తా ఇద్దరి తెప్ప నంబరూ అడిగింది. పాత చిరునామాలే ఉన్నాయి, గలిలయ అని రాద్దామా, అని అయ్యగారు నన్ను సలహా అడిగారు. ఆయన సీరియస్‌గానే అడిగారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అది ఇంటిదాకా వెళ్లింది.

రాత్రి భోజనాల దగ్గర నాన్న అసలు సంగతికి వచ్చాడు. తాళం నా దగ్గరే ఉంది కాబట్టి ఆ ఒక్క వాక్యాన్ని చూసిన మాటల పట్టీలోకి మార్చెయ్యమన్నాడు.

“చూడలేదు కదా నాన్నా.”

“నిజం కదే.”

“నిజమే. చూసిన మాట మాత్రం కాదు.”

“నమ్మకం లేదని ఒప్పుకుంటే సరిపోయేదానికి ఇంత తిరుగుడెందుకు,” అన్నాడు. అమ్మ కూర గిన్నె దించి కళ్లు మూసుకుంది. పొద్దున్న ప్రార్థన కొంచెం పొడుగవుతుందని అర్థమైంది.

పద్దెనిమిది రోజులు

అమ్మ పావుగంట ఎక్కువ చేసింది.

పదహారు రోజులు

డ్రమ్ములు గీకుతుంటే అన్నయ్య తన పరిష్కారం చెప్పాడు. సంఘం తరఫున ఒక అర్జీ పెడితే ‘ట’ బదులు ‘నా మటుకు’ పడేలా మార్చుకోవచ్చు. క్రీస్తు లేచియున్నాడు, నా మటుకు. వినడానికి మర్యాదగా ఉంటుంది, ఎవరికీ నొప్పి లేదు. “నీకు లేచాడు. పక్కింటి నూకరాజుకి లేవలేదు. ఇద్దరూ హాయిగా ఒకే తాడుకి పడవ కట్టుకుంటున్నారు. ఇంకేం కావాలే?”

“నాన్న ఇప్పుడు ఇంట్లో ఉన్నాడా?” అన్నాను.

“చావడిలో ఉన్నాడు.”

“నీ మటుకా?”

ఉలి ఆపి నా మొహం చూశాడు. నేను వదల్లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అన్నది ఎవరి నోటి మటుకు వారిది. ఉప్పు వేశారా లేదా అన్నది ఎవరి మటుకూ కాదు, ఆ సంగతి కూరకి తెలుసు. చనిపోయిన మనిషి లేస్తే లేచినట్టు, లేవకపోతే లేవనట్టు. ఒక్కో ఇంటికి ఒక్కోలా లేవడు.

“లేవలేదని తేలితేనో?” అన్నాడు.

“అప్పుడు నేను తప్పు. నూకరాజు కరెక్టు. ‘నా మటుకు’ అన్నాననుకో, నేను ఎప్పటికీ తప్పవను. తప్పయ్యే వీలు లేని మాట నిజం ఎలా అవుతుందిరా?”

“చూశావా, నేను చెప్పలా, నువ్వు నాన్నకంటే ఛాందసం,” అన్నాడు. అని, తను గీకాల్సిన డ్రమ్ము నా వైపు తోశాడు.

అనుకున్నది: గుమాస్తాని ఒక్కందుకు మెచ్చుకోవాలి. ఆ వాక్యానికి అది ‘నా మటుకు’ వెయ్యలేదు, ‘ట’ వేసింది. అంటే అది ఒక సంగతనీ, ఎప్పుడో ఎక్కడో జరిగిందో జరగలేదో అయి ఉంటుందనీ పెట్టెకి అర్థమైంది. మా అన్నయ్యకి కాలేదు.

పదమూడు రోజులు

వల లాగుతూ పడిపోయిన యోబు గారి భూస్థాపన. భూమి లేదు కాబట్టి నీళ్లలోనే, మాట మాత్రం మారలేదు. అయ్యగారు యోబు గారి భార్య సంపూర్ణమ్మ గారి వైపు తిరిగి, మళ్లీ చూస్తావమ్మా, అన్నారు. పెట్టె ‘ట’ అంది. ఈసారి పిల్లలు కూడా అనలేదు.

సంపూర్ణమ్మ గారు పెట్టె వైపు తిరిగారు. తర్వాత అడిగారు: “అయ్యగారూ, మీక్కూడా ఖాయంగా తెలీదా?”

అయ్యగారు మైకు పక్కకి జరిపి ఏదో చెప్పారు. నాకు వినపడలేదు. ఆవిడ తల ఊపారు కానీ మైకు జరపడం ఆవిడ చూశారు, నేనూ చూశాను.

పన్నెండు రోజులు

మామ్మ వత్తులు చేస్తోంది. ఈస్టరు తెల్లవారుజామున నలభై పడవల్లో వెళ్లి, మునిగిపోయిన మా పాత సమాధుల తోట మీద దీపాలు వదులుతాం. పడవలు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి శుభవచనం స్పీకర్లోనే చెప్పాలి. అయ్యగారు “క్రీస్తు లేచియున్నాడు” అనాలి, మేమంతా “నిజముగా లేచియున్నాడు” అనాలి. మా పడవల మైకులకీ గుమాస్తా ఉంది. కాబట్టి ఈ ఏడాది లేచియున్నాడట, నిజముగా లేచియున్నాడట. తలుచుకుంటే నవ్వొస్తుంది. సంపూర్ణమ్మ గారు గుర్తొస్తే ఆగిపోతుంది.

‘ట’ అంటే మామ్మకి కోపం లేదు. “నేను గురువారం పుట్టానట. మా అమ్మ చెప్పింది. నేను చూశానా? అయితే పుట్టలేదంటావా?”

“అలా అనడం లేదు మామ్మా.”

“మా అమ్మని అడిగితే ‘ట’ అనేది కాదు. మొయ్యలేక మోసింది కాబట్టి. ఆ మాటకి పూచీ ఆవిడది.”

మామ్మ వత్తి నలుపుతూనే ఉంది. నేను మాత్రం చేతిలో దూది అక్కడే పడేసి రూళ్ల పుస్తకం కోసం వెళ్లాను. ‘ట’ అంటే అబద్ధమని కాదు. జరిగిందో లేదో చెప్పేవాళ్లని అడగండి, నా చేతులు కడిగేసుకున్నాను, అని. మాకు కావలసింది చూసినవాళ్లు కాదు. చేతులు కడుక్కోనివాళ్లు.

పదకొండు రోజులు

దొరికింది. నూట నలభయ్యో పేజీ.

పూచీ మాట. రెండో ముంపప్పుడు, తెగకముందే తాడు తెగుతుందని కేకేసి ఒకావిడ ఐదో తెప్పని ఖాళీ చేయించింది. ఆవిడ చూసింది ఏమీ లేదు. అనుకోవడమూ కాదు, తెలుసు అంది. ఆవిడ కోసం పెట్టిన రూలు. చూడని సంగతిని ఒక మనిషి తన పూచీ మీద తోక లేకుండా చెప్పించవచ్చు. పూచీదారు పేరు తెర మీద పడుతుంది. ఎవరు ఆ మాట అన్నా ‘ట’ పడదు.

కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. ఆ సంగతి రుజువయ్యేదాకా పూచీదారు చెప్పే తక్కిన ప్రతి మాటకీ, రాసే ప్రతి మాటకీ ‘ట’ పడుతుంది. చూసినవాటికి కూడా. ఎందుకంటే మనిషికి ఉన్న నమ్మకమంతా ఒకే మాటకి ఇచ్చేశాక మిగతావాటికి మిగలదట. పదకొండేళ్లుగా ఎవరూ వాడలేదు.

ఎనిమిది రోజులు

నూర్జహాన్ గారి దగ్గర్నుంచి జవాబు. పంపిన పేజీలు నచ్చాయి, ముఖ్యంగా పదకొండు డ్రమ్ములు. చోటు నాదే. ఈస్టరు మర్నాడు సోమవారం పడవ ఎక్కాలి. ఒక్క షరతు, చిట్టా రాసే మనిషి మాటకి తోక ఉండకూడదు. లోతు ఇరవై బారలట అని రాస్తే వెనక వచ్చే పడవలు నమ్మవు కదా.

ఇంట్లో చెప్పాను. అమ్మ ఏడ్చింది, వెంటనే నా సామానుకి సంచి కుట్టడం మొదలుపెట్టింది. నాన్న ఒక్కటే అడిగాడు: తాడు ముడి వెయ్యడం వచ్చా అని.

మట్టల ఆదివారం. ఏడు రోజులు

డ్రమ్ముల్లో పెంచిన కొబ్బరిచెట్లు రెండే. పిల్లలు నూట ముప్పై మందికి ఆకులు చీల్చి పంచారు. నాకు ఈనెపుల్ల వచ్చింది.

ఆరాధనయ్యాక పెద్దల ముందు పూచీ ఫారం పెట్టి, రూలు పూర్తిగా, చిన్న అక్షరాలతో సహా చదివాను. ఒక్క సంతకం చాలన్నాను. మొదట అందరూ ఒకేసారి చెయ్యి చాపారు. తర్వాత ఆలోచన మొదలైంది.

అయ్యగారు పెడితే ఆయన చేసే ప్రతి పెళ్లికీ ‘ట’ పడుతుంది. వీళ్లిద్దరూ భార్యాభర్తలయ్యారట. అలా రాసిన పెళ్లి చావడి లెక్కలో చెల్లదు. వచ్చే నెలలో మూడు పెళ్లిళ్లున్నాయి. నర్సు కేజియా అక్క పెడితే మందు చీటీలన్నీ విన్న మాటలైపోతాయి. ఫారం చేతులు మారి నాన్న దగ్గర ఆగింది.

నాన్న కలం తీశాడు. చిన్నప్పటినుంచి నేను విన్న ప్రతి ప్రార్థనలోనూ ఆయన గొంతులో అనుమానం అన్నది లేదు. ఇప్పుడూ లేదు, అది నేను చూసి రాస్తున్నాను. ఆయన కిటికీలోంచి నీళ్ల ట్యాంకు వైపు చూశాడు. నీళ్లు తాగొచ్చట. మూడు వందల ఇళ్లు. ఆ ‘ట’ విన్నాక ఏ తల్లి పిల్లకి ఆ నీళ్లు పడుతుంది? కలం మూత పెట్టి, ఫారం రెండు మడతలు వేసి బల్ల మీద పెట్టాడు.

పిరికితనం కాదు. నాన్న మాట మీద ఇన్ని ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి కాబట్టి అది ఆయనది కాదు. ఆ గదిలో ఎవరి మాట చూసినా ఇంకెవరికో అవసరమైనదే. నా మాట ఒక్కటే పూర్తిగా నాది. అది అవసరమైంది నా పడవకి మాత్రమే.

ఎవరూ నన్ను అడగలేదు. నాకు నమ్మకం లేదని అందరికీ తెలుసు కదా.

మంచి శుక్రవారం

సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలకీ ‘ట’ పడింది. సంపూర్ణమ్మ గారు రాలేదు.

మధ్యాహ్నం ఫారం తీసుకుని ఒక్కదాన్నే చర్చిలో కూర్చున్నాను. నేను పూచీ పడ్డంత మాత్రాన ఆయన లేవడు. పడకపోతే సమాధిలో ఉండిపోడు. అది జరిగిందో లేదో నా సంతకానికి చాలా ముందే తేలిపోయింది, దానికి నా అవసరం లేదు. అవసరం నాదే. నేను దీన్ని ఇష్టం అనుకుంటున్నానా, నిజం అనుకుంటున్నానా? ఇష్టమైతే సోమవారం పడవెక్కి రెండేళ్లు హాయిగా ఇష్టపడుతూ ఉండొచ్చు, ఎవరూ వద్దనరు.

మామ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఫారంలో ‘రుజువుకి గడువు’ అన్న గడి దగ్గర ఆగిపోయానని చెప్పాను.

“ఆయనొచ్చినప్పుడు రుజువవుతుంది. ఖాళీగా వదిలెయ్యి,” అంది.

“ఎన్నాళ్లు పడుతుందో మామ్మా.”

“నాకైతే ఎక్కువ పట్టదులే,” అని నవ్వింది. “నీకే కొంచెం ఆలస్యం.”

ఈస్టరు

చూసినవి మాత్రమే రాస్తున్నాను. నాలుగున్నరకి నలభై ఒక్క పడవలు. ఆటు, గాలి లేదు. కింద పన్నెండు అడుగుల లోతున సమాధుల తోట. సంపూర్ణమ్మ గారు చివరిదైన నలభై ఒకటో పడవలో ఉన్నారు.

అయ్యగారు మైకు దగ్గర పెట్టుకుని, భుజాలు బిగించి, దెబ్బకి సిద్ధమైనవాడిలా అన్నారు: “క్రీస్తు లేచియున్నాడు.”

అందరం ‘ట’ కోసం ఆగాం. రాలేదు. నీళ్ల చప్పుడు వినపడింది. ఇంకా ఆగాం, రాలేదు. ఆ ఆశ్చర్యంలో తిరిగి చెప్పాల్సిన మాట నూట ముప్పై మందీ మర్చిపోయారు. మొదట చివరి పడవలోంచి ఒక్క గొంతు, మైకు లేకుండానే, “నిజముగా లేచియున్నాడు” అంది. తర్వాత అన్ని పడవలూ.

స్పీకరు పడవ తెర మీద పేరు పడింది. పూచీదారు: యెమీమా, ఏలీయా కూతురు. అమ్మ చదివింది, మళ్లీ చదివింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్నయ్య నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, పిచ్చిదానా, అన్నాడు, దీపం వెలిగించి నా చేతికిస్తూ.

నాన్న తన పడవ తోసుకుంటూ మా పక్కకి వచ్చాడు. “ఇది నీ అభిప్రాయమా?” అని అడిగాడు.

“అభిప్రాయానికి ఎవరైనా పడవ వదులుకుంటారా నాన్నా?”

ఆయన తెడ్డు పడవలో పెట్టేసి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ నిన్ను... అని మొదలుపెట్టి ఆపేశాడు. నేనూ పూర్తి చెయ్యమనలేదు.

పొద్దున ఎనిమిదింటికి నూర్జహాన్ గారికి రాలేనని జాబు పంపాను. తాళాలు చావడిలో అప్పజెప్పాను. పూచీ కావాలంటే ఏడు రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చని అక్కడ చెప్పారు.

తీసుకోను.